గర్భాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత తొలి 30 రోజులు: ప్రాణాపాయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాక కుటుంబాలు డాక్టరును చాలా విషయాలు అడుగుతాయి. ఖర్చెంత, ఎన్ని రోజులు ఉండాలి, కుట్లు ఎప్పుడు తీస్తారు అని అడుగుతాయి. మనసులో ఉన్న అసలు ప్రశ్న మాత్రం చాలామంది నోటికి రాదు: లోపలికి తీసుకెళ్లిన మనిషి బతికి బయటికి వస్తుందా? అడిగితే అపశకునమని భయం, డాక్టరుకు కోపం వస్తుందేమోనని మొహమాటం. హైదరాబాద్‌లో చికిత్స చేయించుకోబోయే ఆడవాళ్ల కోసం, జిల్లాల నుంచి వాళ్లను తీసుకొచ్చే కుటుంబాల కోసం ఆ ప్రశ్నకూ, దాని చుట్టూ ఉన్న ప్రశ్నలకూ ఇక్కడ సూటిగా జవాబులు రాస్తున్నాను. ఇవి మీ డాక్టరు మాటకు బదులు కావు. ఆయననో ఆవిడనో ఏం అడగాలో తెలియడానికి పనికొస్తాయి.

నూటికి ఎంతమంది చనిపోతారు?

ముందుగా ప్లాన్ చేసుకుని, తగిన ఏర్పాట్లున్న ఆసుపత్రిలో చేసే గర్భాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లోపు చనిపోయేవారు నూటికి ఒకరి కంటే తక్కువ. పెద్ద ఆపరేషన్లలో ఇది బాగా తక్కువ అంకె.

దీనికి గట్టి ఆధారం అమెరికాలో 2,600 మందికి పైగా మహిళల మీద జరిగి 2009లో వెలువడిన ల్యాప్-2 అధ్యయనం. అందులో కొందరికి పొట్ట కోసి, కొందరికి చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీతో ఆపరేషన్ చేశారు. రెండు వర్గాల్లోనూ ఆపరేషన్‌కు సంబంధించిన మరణాలు ఒక శాతం లోపే ఉన్నాయి.

అయితే ఈ అంకెను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి అధ్యయనాల్లో చేర్చుకునేది ఆపరేషన్‌ను తట్టుకోగలరని ముందే తేల్చినవారిని. 55 ఏళ్లుండి, గుండె బాగుండి, జబ్బు గర్భసంచి దాటని మనిషికి అపాయం ఈ సగటు కంటే ఇంకా తక్కువ. 80 ఏళ్లు నిండి, గుండె బలహీనంగా ఉండి, జబ్బు పొట్టంతా పాకిన మనిషికి, లేదా తీవ్ర రక్తస్రావంతో అర్ధరాత్రి అత్యవసరంగా థియేటర్‌కు తీసుకెళ్లిన మనిషికి అపాయం దానికి ఎన్నో రెట్లు. అందుకని డాక్టరును అడగాల్సింది సగటు గురించి కాదు. ‘మా అమ్మ వయసుకు, ఆమెకున్న జబ్బులకు, ఆమె స్టేజికి అపాయం ఎంత ఉంటుంది?’ అని అడగండి.

లెక్క 30 రోజులకే ఎందుకు కడతారు?

ఆపరేషన్ బల్ల మీద ప్రాణం పోవడం ఈ రోజుల్లో చాలా అరుదు. ప్రాణం తీసే సమస్యలు ఎక్కువగా తర్వాతి రోజుల్లో, వారాల్లో పుడతాయి. వాటిని కూడా కలుపుకోవడానికే ప్రపంచమంతటా 30 రోజుల లెక్క వాడుకలోకి వచ్చింది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, అన్ని రకాల ఆపరేషన్లూ కలిపి, ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు ప్రపంచంలో ఏటా సుమారు 42 లక్షల మంది చనిపోతున్నారు.

కొన్ని అధ్యయనాలు 90 రోజుల వరకూ లెక్కిస్తాయి. అప్పుడు అంకె కొంత పెరుగుతుంది, ఎందుకంటే ఐసీయూలో ఐదారు వారాలు పోరాడి ఓడిపోయినవారు 30 రోజుల లెక్కలోకి రారు.

మన కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. లాపరోస్కోపీ అయితే రెండు మూడు రోజుల్లో, పొట్ట కోస్తే వారం లోపల ఇంటికి పంపేస్తారు. అంటే ఆ 30 రోజుల్లో మూడు వంతులకు పైగా గడిచేది ఇంట్లోనే. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇంకా కాపలా కాయాల్సిన రోజులు మిగిలే ఉంటాయి, ఆ కాపలా కాయాల్సింది నర్సు కాదు, మీరు.

ఇదీ గర్భాశయ ముఖద్వార క్యాన్సరూ ఒకటేనా?

కాదు. ముఖద్వార క్యాన్సర్ గర్భసంచి కింది మెడ భాగంలో, ఎక్కువగా హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది. ఈ పేజీలో చెబుతున్నది గర్భసంచి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ గురించి. నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనిపించడం దీని ముఖ్య లక్షణం. ఈ తేడా చికిత్సలోనూ ఉంది. ముఖద్వార క్యాన్సర్‌లో గర్భసంచిని చుట్టూ ఉన్న కణజాలంతో సహా తొలగించే ఆపరేషన్‌ను లాపరోస్కోపీతో చేస్తే ఫలితాలు పొట్ట కోసి చేసినదాని కంటే తగ్గాయని 2018లో తేలింది. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌లో అలాంటి నష్టం కనబడలేదు. బంధువుల్లో ఎవరో ‘క్యాన్సర్‌కు కీహోల్ (అంటే లాపరోస్కోపీ) పనికిరాదు’ అన్నారంటే బహుశా ఈ రెండూ కలిపేసి చెప్పి ఉంటారు.

మా వీధిలో సగం మందికి గర్భసంచి తీసేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. దీనికి ఇంత భయం ఎందుకు?

గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెబుతున్నాయి. 30, 35 ఏళ్లకే, తెల్లబట్టకూ నడుము నొప్పికీ కూడా గర్భసంచి తీసేసిన ఉదంతాలు మన ఊళ్లలో కొల్లలు. అది తలచుకుంటే నాకు బాధా కోపమూ రెండూ వస్తాయి. ఆ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు ఎక్కువగా చిన్న వయసువాళ్లు, ఇతర జబ్బులు లేనివాళ్లు. వాళ్లతో 65 ఏళ్ల క్యాన్సర్ రోగిని పోల్చకూడదు.

క్యాన్సర్ ఆపరేషన్ కూడా వేరు. గర్భసంచిని ముక్కలు చేయకుండా ముఖద్వారంతో సహా మొత్తంగా బయటికి తీయాలి. అండాశయాలు, అండవాహికలు సాధారణంగా తీసేస్తారు. పొట్టంతా పరిశీలిస్తారు. జబ్బు తీరును బట్టి లింఫ్ గ్రంథులను తీసి పరీక్షకు పంపుతారు. గ్రంథులన్నీ తీస్తే తర్వాత కాళ్ల వాపు వచ్చే అవకాశం ఉంది కనుక, రంగు ద్రవం ఎక్కించి జబ్బు మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను మాత్రమే గుర్తించి తీసే పద్ధతి ఇప్పుడు పెరుగుతోంది.

నెలసరి ఆగిపోయిన తర్వాత రక్తస్రావం అయ్యేవారిలో పదిమందికి ఒకరిలో క్యాన్సర్ బయటపడుతుంది. అలాంటి మనిషికి లోపలి పొర బయాప్సీ చేయకుండా ‘ముందు గర్భసంచి తీసేద్దాం, తర్వాత చూద్దాం’ అనేవారి దగ్గర ఆగండి. బయాప్సీ లేకుండా ఆపరేషన్ చేసి, తర్వాత క్యాన్సర్ అని తేలితే రెండోసారి మత్తు, రెండోసారి ఆపరేషన్ తప్పకపోవచ్చు. అపాయమూ రెండుసార్లు మోయాలి. తీసిన గర్భసంచిని పాథాలజీకి పంపకుండా పారేసే చోట ఏ ఆపరేషనూ చేయించుకోవద్దు.

అసలు దేనివల్ల చనిపోతారు?

కారణాలు కొన్నే, కానీ ఒక్కోదాని సమయం వేరు, స్వభావం వేరు.

మొదటిది రక్తపు గడ్డ. క్యాన్సర్ రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుంది. కటి ప్రాంతంలో ఆపరేషన్, లావు శరీరం, మంచానికి అతుక్కుపోవడం దాన్ని ఇంకా పెంచుతాయి. పిక్కలోనో తొడలోనో కట్టిన గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అప్పటిదాకా బాగా కోలుకుంటున్న మనిషి బాత్రూంకు వెళ్లి కుప్పకూలిపోయిందని వినే కథల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. పొట్ట కోసి చేసిన క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రక్తం పలచబరిచే ఇంజెక్షన్, ఉదాహరణకు ఇనాక్సాపరిన్, వారం రోజులతో ఆపకుండా నాలుగు వారాలు ఇస్తే గడ్డలు తగ్గుతాయని 2002లోనే నిరూపితమైంది. లాపరోస్కోపీ అయినవారికి ఎన్ని రోజులన్నది డాక్టరు మనిషిని బట్టి నిర్ణయిస్తారు.

రెండోది గుండె. మధుమేహం ఉన్న స్త్రీకి గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, ఒక రకమైన నీరసం అంతే. ‘ఆపరేషన్ అయింది కదా, నీరసం ఉంటుంది’ అని సరిపెట్టుకుంటే ఆ కొన్ని గంటలూ చేజారిపోతాయి.

మూడోది చీము, ఇన్‌ఫెక్షన్. పై కుట్టు దగ్గర వచ్చేది చాలావరకు తగ్గిపోతుంది. భయపెట్టేది లోపలిది. ఆపరేషన్‌లో పేగుకు తెలియకుండా గాయమైతే రెండు మూడు రోజుల తర్వాత, ఒక్కోసారి వారానికి, పొట్ట ఉబ్బి, జ్వరమొచ్చి, గుండె వేగం పెరుగుతుంది. త్వరగా గుర్తించి మళ్లీ పొట్ట తెరిచి సరిచేస్తే బతుకుతారు. ‘గ్యాస్ పట్టింది’ అని ఒక రోజు జారవిడిస్తే విషం ఒళ్లంతా పాకుతుంది. న్యుమోనియా కూడా ఈ కోవలోదే. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయనివారికి, దగ్గనివారికి అది వస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే మూడు బంతుల పరికరం మందు కాదని పక్కన పెట్టేయవద్దు, అది ఊపిరితిత్తుల అడుగుదాకా గాలి చేర్చే సాధనం.

రక్తస్రావం మొదటి 24 గంటల్లో ఎక్కువగా కనబడుతుంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడే కాబట్టి, చూసే కళ్లు ఉంటే, ఇది అదుపులోకి వస్తుంది.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి చెబుతాను. 2021లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 82 దేశాల్లో దాదాపు 16,000 మంది క్యాన్సర్ ఆపరేషన్లను పరిశీలించింది. అవి రొమ్ము, పెద్దపేగు, కడుపు క్యాన్సర్లు, గర్భాశయానివి కావు. కానీ పాఠం అందరికీ వర్తిస్తుంది. పేద దేశాల్లో ఎక్కువమంది చనిపోవడానికి కారణం అక్కడ సమస్యలు ఎక్కువగా రావడం కాదు. సమస్య వచ్చాక కాపాడలేకపోవడం. సమస్యను ఆలస్యంగా గుర్తించడం, రాత్రిపూట స్కానింగ్ లేకపోవడం, ఐసీయూ మంచం దొరకకపోవడం.

మా అమ్మకు షుగరు, బీపీ ఉన్నాయి, బరువు 92 కిలోలు. ఆపరేషన్‌కు పనికొస్తుందా?

చాలావరకు పనికొస్తుంది. ఈ క్యాన్సర్ వచ్చేవారిలో ఎక్కువమంది మీ అమ్మలాంటివారే. కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది, ఆ హార్మోను ఏళ్ల తరబడి గర్భసంచి లోపలి పొరను రెచ్చగొడుతుంది. అందుకే స్థూలకాయం, మధుమేహం, రక్తపోటు ఈ జబ్బుకు నీడలా వెంట ఉంటాయి. వాటితో ఉన్నవారికి మత్తు ఇవ్వడం ఈ పని చేసే బృందాలకు అలవాటే.

అయినా ఆపరేషన్‌కు ముందున్న రెండు మూడు వారాలను వృథా చేయకండి. ఫిట్‌నెస్ అంటే ఈసీజీ, టూడీ ఎకో తీయించి సంతకం పెట్టించుకోవడం కాదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష 8.5 దాటి ఉంటే, వ్యవధి ఉన్నంతవరకు దాన్ని దించాలి. నెలల తరబడి రక్తం పోయిన మనిషికి హిమోగ్లోబిన్ పడిపోయి ఉంటుంది. ముందురోజు రక్తం ఎక్కించడం కంటే, వారాల ముందే సెలైన్‌లో ఇనుము ఎక్కించడం మేలు. పొగ, జర్దా, గుట్కా ఏ రూపంలో ఉన్నా ఇవాళే మానాలి.

మాత్రల చీటీ మొత్తం మత్తు డాక్టరుకు చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వాటిని ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపిస్తారు. లేకపోతే షుగర్ అంకె మామూలుగానే కనబడుతూ రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరూ మత్తు డాక్టరూ కలిసి చెప్పాలి. నాటు మందులు, ఆయుర్వేదం, కషాయాలు వాడుతుంటే అవీ చెప్పండి.

గురక గురించి కూడా తప్పక చెప్పాలి. రాత్రి గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యే మనిషికి ఆపరేషన్ తర్వాత నిద్రమత్తులో ఊపిరి తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి పక్కన పడుకునేవాళ్లకే తెలుస్తుంది, నాన్నగారో చెల్లెలో చెప్పాలి.

వయసు 78. ఈ వయసులో కత్తి అవసరమా అంటున్నారు.

వయసు ఒక్కటే కారణంగా ఎవరికీ ఆపరేషన్ నిరాకరించకూడదు. రోజూ కిలోమీటరు నడిచి, తన పనులు తానే చేసుకునే 78 ఏళ్ల నాయనమ్మ, మంచం దిగలేని 65 ఏళ్ల మనిషి కంటే బాగా తట్టుకుంటుంది. డాక్టర్లు చూసేది ఆ సత్తువనే: రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలదా, ఈ ఏడాది ఎన్నిసార్లు పడిపోయింది, తిండి ఎంత తింటోంది, జ్ఞాపకం ఎలా ఉంది.

పొట్ట కోయడమా, కీహోలా, రోబోనా?

జబ్బు గర్భసంచికే పరిమితమైతే, సర్జన్‌కు అలవాటుంటే, చిన్న రంధ్రాల పద్ధతే మేలు. పైన చెప్పిన ల్యాప్-2లో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన సమస్యలు పొట్ట కోసినవారిలో 21 శాతం మందికి, లాపరోస్కోపీ వారిలో 14 శాతం మందికి వచ్చాయి. అయిదేళ్ల తర్వాత బతికున్నవారు రెండు వైపులా దాదాపు 90 శాతం. మరణాలు రెండింటిలోనూ తక్కువే కాబట్టి, అసలు లాభం కోలుకోవడంలో ఉంది. త్వరగా లేచి నడుస్తారు. గాయం చిన్నది కాబట్టి లావుగా ఉన్నవారికి చీము పట్టే బాధ బాగా తగ్గుతుంది.

అదే అధ్యయనంలో లాపరోస్కోపీతో మొదలుపెట్టిన నలుగురిలో ఒకరికి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది. బరువు ఎక్కువైనకొద్దీ ఆ అవసరం పెరిగింది. అది సర్జన్ ఓటమి కాదు, భద్రత కోసం తీసుకునే నిర్ణయం. ముందే అడిగి తెలుసుకోండి, తర్వాత కంగారుపడరు.

రోబో బాగా లావున్నవారిలో సర్జన్ పనిని సులువు చేస్తుంది. మామూలు లాపరోస్కోపీ బాగా వచ్చిన సర్జన్ ఉన్నప్పుడు, రోబో కోసం అప్పు చేయడం నాకు సబబుగా అనిపించదు.

ఆసుపత్రిని వాళ్ల మరణాల రేటు అడగవచ్చా? ‘మా దగ్గర ఒక్కరూ చనిపోలేదు’ అంటే నమ్మాలా?

అడగవచ్చు, అడగాలి. ఆసుపత్రి వారీగా ఈ లెక్కలు జనానికి చూపే జాబితా మన దగ్గర లేదు కనుక అడగడం తప్ప దారి లేదు. అడిగినందుకు చిరాకుపడే చోట కంటే, కూర్చోబెట్టి చెప్పే చోట నాకు ఎక్కువ నమ్మకం.

అయితే సున్నాను చూసి మురిసిపోవద్దు. గణాంకాల్లో ఒక సులువైన సూత్రం ఉంది. ఒక్క మరణమూ లేకుండా ఎన్ని ఆపరేషన్లు జరిగాయో ఆ సంఖ్యతో 3ను భాగిస్తే, అసలు రేటు గరిష్ఠంగా ఎంతవరకు ఉండవచ్చో స్థూలంగా తెలుస్తుంది. 40 ఆపరేషన్లలో ఒక్కరూ పోలేదంటే, అసలు అపాయం 7.5 శాతం వరకూ ఉండి కూడా అదృష్టవశాత్తూ సున్నా వచ్చి ఉండవచ్చు. 300 ఆపరేషన్లలో సున్నా అయితే పరిమితి 1 శాతానికి దిగుతుంది. అందుకే ‘ఎంతమంది పోయారు’ కంటే ముందు ‘ఏడాదికి ఎన్ని చేస్తారు’ అని అడగాలి.

మరో చిక్కు కూడా ఉంది. క్లిష్టమైన రోగులను వేరేచోటికి పంపేసే ఆసుపత్రి అంకె అందంగా ఉంటుంది. అందరినీ చేర్చుకునే పెద్ద ఆసుపత్రి అంకె కొంచెం ఎక్కువ కనిపించవచ్చు, అది అక్కడి వైద్యం నాసిరకమని కాదు. ఇంకొన్ని చోట్ల డిశ్చార్జి అయ్యాక ఇంట్లో జరిగిన మరణం వాళ్ల పుస్తకంలోకే రాదు. ‘30 రోజుల వరకూ ఫోను చేసి కనుక్కుంటారా?’ అని అడగండి. ఆ జవాబును బట్టి చాలా తెలుస్తుంది.

నేనైతే ఇంకా ఇవి అడుగుతాను: ఆపరేషన్ చేసేది స్త్రీల క్యాన్సర్లలో ప్రత్యేక శిక్షణ ఉన్న సర్జనా? రాత్రి రెండింటికి సీటీ స్కాన్ తీయగలరా? ఆ సమయంలో పొట్ట మళ్లీ తెరవాల్సి వస్తే సర్జన్ ఎంతసేపట్లో వస్తారు? రక్త నిధి, ఐసీయూ అదే ఆవరణలో ఉన్నాయా? ఆపరేషన్‌కు ముందు, తర్వాత భద్రతా చెక్‌లిస్టు పాటిస్తారా? ఈ చివరిది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల చెక్‌లిస్టును ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో ప్రయోగించినప్పుడు, అందులో ఢిల్లీ ఒకటి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు.

హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలా, ప్రైవేటుకా?

గోడల రంగును చూసి నిర్ణయించకండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి రాష్ట్రానికి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి 2000 నుంచి క్యాన్సర్‌కే అంకితమై పనిచేస్తోంది. కార్పొరేట్ ఆసుపత్రులు సరేసరి. ప్రభుత్వంలో వరుస పొడవు, ప్రైవేటులో బిల్లు పొడవు. రెండు చోట్లా ఆరితేరిన సర్జన్లు ఉన్నారు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి. ఆపరేషన్‌తో పాటు తర్వాత రేడియేషన్ అవసరమైతే అదీ అక్కడే అవుతుందా అని తెలుసుకోండి.

ఆషాఢం వెళ్లాక చేయిద్దాం అంటున్నారు. ఆగవచ్చా?

షుగర్ దించడానికి, రక్తం పెంచడానికి రెండు మూడు వారాలు ఆగితే నష్టం లేదు, నిజానికి మేలే. మంచిరోజు కోసం నాలుగు రోజులు అటూ ఇటూ జరిపినా ఏ డాక్టరూ కాదనరు. పెళ్లిళ్లు, మూఢాలు, పంటలు అంటూ నెలలు గడపడం మాత్రం వేరు. సీరస్, క్లియర్ సెల్ అని రిపోర్టులో రాసి ఉంటే అవి దూకుడు రకాలు, వాటికి అసలు ఆలస్యం చేయవద్దు. ఆగీ ఆగీ రక్తస్రావంతో అత్యవసరంగా వస్తే అపాయం ఎన్నో రెట్లవుతుందని మొదటే చెప్పాను.

ఆపరేషన్ తట్టుకోలేరని చెబితే ఇక దారి లేదా?

ఉంది. రేడియేషన్, ముఖ్యంగా లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ, గుండె బాగా బలహీనమైనవారికి ఇస్తారు. తొలి దశలో, నెమ్మదిగా పెరిగే రకమైతే ప్రొజెస్టిరాన్ మాత్రలు, లేదా ఆ హార్మోను విడుదల చేసే సాధనాన్ని గర్భసంచిలో అమర్చడం మరో దారి. ఇవి సాధారణంగా ఆపరేషన్ అంత గట్టిగా జబ్బును తుడిచిపెట్టవు, కానీ కాలాన్ని ఇస్తాయి. కొందరు ఆ కాలంలో బరువు తగ్గి, గుండెకు చికిత్స చేయించుకుని, తర్వాత ఆపరేషన్‌కు సిద్ధమవుతారు.

ఆపరేషన్ తట్టుకోగలిగినవారు భయంతో వద్దనుకోవడం వేరు. తొలి దశలో తీసేస్తే అయిదేళ్లు దాటి బతికేవారు నూటికి 90 మందికి పైనే. వదిలేస్తే జబ్బు ఆగదు.

ఇంటికి తీసుకొచ్చాం. ఇప్పుడు ఏం చూడాలి?

ఈ జవాబును ఫోనులో దాచుకోండి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

వెంటనే 108కు ఫోను చేయాల్సినవి ఇవి: ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం, గంటలోపే ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం. తెల్లారాక చూద్దాం అనకండి.

అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి: ఒక కాలు మాత్రమే వాచడం లేదా పిక్క నొప్పి, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పొట్ట ఉబ్బి వాంతులు, రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి పెరగడం, మూత్రం రాకపోవడం, యోని నుంచి నీళ్లలా కారడం, కుట్టు దగ్గర చీము. పెద్దవాళ్లు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా అంతే, అది ఒంట్లో ఇన్‌ఫెక్షన్‌కు తొలి గుర్తు కావచ్చు.

ఇంజెక్షన్ రాసిస్తే ఆఖరి రోజు వరకూ వేయించండి. పొట్ట చర్మం కింద వేసే చిన్న సూది, డిశ్చార్జికి ముందు నర్సు దగ్గర ఇంట్లో ఒకరు నేర్చుకోవచ్చు. ఖరీదని సగంలో ఆపేస్తున్నట్టయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, వేరే మార్గం చూస్తారు.

నడిపించండి. మన ఇళ్లలో ప్రేమంటే మంచం దిగనివ్వకపోవడం. గడ్డలకూ న్యుమోనియాకూ అంతకంటే అనువైనది లేదు. ఆపరేషన్ రోజు సాయంత్రమో మర్నాడో లేపి నాలుగడుగులు వేయించడం ఇప్పుడు మంచి ఆసుపత్రుల పద్ధతి. ఇంట్లో అదే కొనసాగాలి. బరువులెత్తడం, నీళ్ల బకెట్లు మోయడం మాత్రం కనీసం ఆరు వారాలు వద్దు.

పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది నిజం కాదు. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి. కందిపప్పు, పెసరపప్పు, గుడ్డు, పెరుగు, తినేవారికి చేప, కోడికూర, అన్నీ పెట్టండి. ఒట్టి బియ్యపు గంజితో పది రోజులు పథ్యం పెట్టి మనిషిని ఎండగట్టవద్దు. షుగర్ ఉన్నవారికి తిండి ఎంతన్నది చూసుకోవాలి, తిండి లేకుండా చేయడం కాదు.

ఆదిలాబాద్ లాంటి చోట్ల నుంచి 300 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చేవారికి ఒక మాట. వీలైతే డిశ్చార్జి అయ్యాక వారం పాటు నగరంలోనే బంధువుల ఇంట్లో ఉండండి. వెళ్లాల్సి వస్తే గంటన్నరకొకసారి బండి ఆపి నడిపించండి. మీ ఊరికి దగ్గర్లో సీటీ స్కాన్, సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోండి. డిశ్చార్జి కాగితం నకలు ఫోనులో ఉంచుకోండి. అర్ధరాత్రి వేరే డాక్టరుకు చూపించాల్సి వస్తే, ఏ ఆపరేషన్ అయిందో ఆ కాగితమే చెబుతుంది.

సంతకం పెట్టించుకునే కాగితంలో ‘ప్రాణాపాయం’ అని ఉంది. ఏదో దాస్తున్నారా?

లేదు. ఏ పెద్ద ఆపరేషన్‌కైనా ఆ మాట ఉంటుంది. సంతకం ముందు అది ఎంతో, మీ మనిషి విషయంలో ఎందుకో వివరంగా చెప్పించుకోవడం మీ హక్కు. థియేటర్ గుమ్మం దగ్గర కాకుండా, ముందురోజే ఆ కాగితం అడిగి చదవండి.

అమ్మకు ఇవన్నీ చెప్పాలా?

చెప్పాలని నా గట్టి అభిప్రాయం. సంతకం ఆమెది, శరీరం ఆమెది. ‘చిన్న గడ్డ తీస్తారమ్మా’ అని తీసుకెళ్తే, కాలు వాచినా ఆయాసం వచ్చినా ఆమె ఎవరికీ చెప్పదు, పిల్లలను కంగారు పెట్టడం ఎందుకని ఓర్చుకుంటుంది. ఏ లక్షణం ఎందుకు ముఖ్యమో తెలిసిన మనిషి ముందే నోరు తెరుస్తుంది. అంకెలన్నీ వల్లించనక్కర్లేదు. ఆమె ఎంత తెలుసుకోవాలనుకుంటే అంత, ఆమె అడిగిన వరుసలో చెప్పండి.

30 రోజులు క్షేమంగా గడిచాయి. ఇక భయం లేదా?

ఆపరేషన్ వల్ల వచ్చే అపాయం చాలావరకు తొలగినట్టే. బయాప్సీ పూర్తి రిపోర్టు ఈపాటికి వచ్చి ఉంటుంది. దాన్ని బట్టి రేడియేషనో కీమోనో కావాలా, ఏమీ అక్కర్లేదా అన్నది తేలుస్తారు. ఆ అపాయింట్‌మెంట్ తప్పిపోకూడదు. తర్వాత మొదటి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి పరీక్షకు వెళ్లాలి. మధ్యలో మళ్లీ రక్తం కనబడితే తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి.

తొలి దశలో నయమైన ఈ మహిళల్లో తర్వాతి సంవత్సరాల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేది ఆ క్యాన్సర్ కాదు, గుండె జబ్బు. క్యాన్సర్ డాక్టరు ‘ఇక ఆరు నెలలకు రండి’ అన్న రోజునే షుగర్, బీపీ డాక్టరు దగ్గర తేదీ తీసుకోండి.